కంటిజోడును వదలుట – కనుచూపును గాచుట

లేజరు కిరణములతో దృష్టిదోషమును సవరించు చికిత్స మన యుత్తరాంధ్ర యువజనులకు నేడు క్రొత్తమాట కాదు. అనకాపల్లికి ముప్పది, ముప్పదియైదు కిలోమీటర్ల దూరమున నున్న విశాఖపట్టణమునకు ఉదయమున బోయి, కన్నులకు ఈ చికిత్స చేయించుకొని, సాయంకాలమునకు ఇల్లు చేరుట సాధ్యమైనది. పత్రికలలోను, రహదారుల ప్రక్కను, చేతిలోని ఫోనులలోను దీనిని గూర్చిన ప్రకటనలు నానాటికి పెరుగుచున్నవి. కంటిజోడు ఒక సంకెల యనియు, దానిని త్రెంచుటకు కొన్ని నిమిషములు చాలుననియు నవి చెప్పుచున్నవి. ఆ మాటలలో సత్యమెంత? మఱుగుపడిన దెంత? ఈ విద్య మన జిల్లాకు నిజముగా నుపకరింపవలెనన్న ప్రభుత్వమును ప్రజలును చేయవలసిన దేమి? ఈ మూడు ప్రశ్నలను విచారించుట యావశ్యకము. ఇది కేవలము సొమ్ముతో ముడివడిన విషయము కాదు. పోయిన సొమ్మును మఱల సంపాదింపవచ్చును. లేజరు హరించిన కంటిభాగము మఱల మొలవదు.

మొదట ఆ విద్య గొప్పదనమును ఒప్పుకొనవలెను. 1960లో అమెరికాలో థియొడోర్ మైమన్ తొలి లేజరును వెలిగించెను. అప్పటికి అది ఏ పనికి వచ్చునో ఎఱిగినవారు కొలది. ఇరువదియొక్క సంవత్సరముల పిమ్మట, 1981 నవంబరు 27వ తేదీన, న్యూయార్కు రాష్ట్రమునందలి ఐ.బి.యం. పరిశోధనశాలలో రంగస్వామి శ్రీనివాసన్ అను శాస్త్రజ్ఞుడు ముందటినాటి పండుగ విందులో మిగిలిన టర్కీకోడి ముక్కను తెచ్చి, 193 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల అతినీలలోహిత లేజరు కిరణమును దానిపై ప్రసరింపజేసెను. కిరణము సోకినంత మేర పదార్థము తొలగిపోయెను. అంచులు కాలలేదు, కమరలేదు. ఇనుప కత్తికి సాధ్యము కాని శుభ్రమైన కోత అందు కనిపించెను. శ్రీనివాసన్ మన దేశమున జన్మించి, మద్రాసు విశ్వవిద్యాలయమున చదివి, పై చదువులకై అమెరికాకు బోయినవాడు. ఆయనకును, సహచరులగు జేమ్స్ విన్, శామ్యుయెల్ బ్లమ్ గారలకును 2013లో అమెరికా ప్రభుత్వము తన జాతీయ సాంకేతిక పతకమును బహూకరించెను.

ఆ పరిశోధన ఫలమును కంటికి అన్వయించినవాడు స్టీఫెన్ ట్రోకెల్ అను నేత్రవైద్యుడు. ఆయన శ్రీనివాసన్‌తో గలసి 1983లో ఆ సంగతిని ప్రకటించెను. 1988లో మార్గరీట్ మెక్‌డొనాల్డ్ అను వైద్యురాలు చూపున్న కంటికి తొలిసారిగ ఈ చికిత్స చేసెను. 1990 ప్రాంతమున గ్రీసు దేశపు క్రీటు ద్వీపమున యోవానిస్ పల్లికారిస్ అను వైద్యుడు కార్నియా పైపొరను మూతవలె లేపి, అడుగుభాగమును లేజరుతో చెక్కి, మూతను మఱల కప్పు పద్ధతిని నెలకొల్పెను. అదియే లోకమున లాసిక్ అని ప్రసిద్ధి గాంచినది.

కాంతిశాస్త్రము మన ప్రాంతమునకు పరాయిది కాదు. కాంతి పరిక్షేపమున క్రొత్త సత్యమును 1928లో వెల్లడించిన సర్ చంద్రశేఖర వెంకట రామన్ విశాఖపట్టణమున మిసెస్ ఏ.వీ.యన్. కళాశాలలో చదివినవాడు, ఆయన తండ్రి యా కళాశాలలోనే ఉపాధ్యాయుడు. రామన్ తన వార్ధకమున కనుచూపు ధర్మములనే పరిశోధించి, 1968లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఆయన శిష్యుడగు సూరి భగవంతముగారు వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు భౌతికశాస్త్రము బోధించిరి. ఇట్టి వారసత్వము గల ప్రాంతమువారు కాంతిచికిత్సను కేవలము కొనుగోలుదారుల దృష్టితో చూచుట తగదు.

ఇక చికిత్స స్వరూపమును గూర్చి. కంటి ముందుభాగమున గడియారపు అద్దమువలె నుండు పారదర్శకమగు పొరకు కార్నియా యని పేరు. కాంతిని కేంద్రీకరించు కంటి శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు దానిదే. హ్రస్వదృష్టి గలవారి కంటిగ్రుడ్డు కొంచెము పొడవుగా నుండుటచే దూరపు వస్తువుల బింబము రెటీనాపై గాక దాని ముందే పడును. కార్నియా నడిమి వంపును కొంత చదును చేసినచో బింబము వెనుకకు జరిగి రెటీనాపై నిలుచును. కంటిజోడు అద్దము బయటనుండి చేయు పనిని లేజరు కార్నియా నందే చేయుచున్నది. రహస్య మింతియే.

ఈ చెక్కుటకు ఒక లెక్క కలదు. ఆ లెక్కను ప్రతి తండ్రియు, ప్రతి తల్లియు తెలిసికొనదగును. సామాన్యముగా కార్నియా మందము 540 మైక్రానులు, అనగా అర మిల్లీమీటరునకు కొంచెము హెచ్చు. లాసిక్‌లో లేపు మూత 110 మైక్రానులు. ఆరు మిల్లీమీటర్ల మేర చెక్కునపుడు ఒక్కొక్క డయాప్టరు దోషమునకు సుమారు 12 మైక్రానులు తరుగును. నాలుగు డయాప్టర్ల దోషమున్న వానికి 48 మైక్రానులు పోవును; మూత విడిచి 382 మిగులును. అతడు నిశ్చింతుడు. కాని పుట్టుకచే కార్నియా మందము 500 మాత్రమేయై, దోషము పది డయాప్టర్లున్న వాని సంగతి యేమి? 110 మూతకు, 120 చెక్కుటకు బోగా 270 మిగులును. అడుగున 250 మైక్రానులకు తగ్గరాదనునది చిరకాలముగా నున్న నియమము. జాగరూకులగు వైద్యులు అంతకంటె హెచ్చుగానే మిగిల్చెదరు. పొర మిక్కిలి పలుచనైనచో కంటిలోని ఒత్తిడికి ముందుకు ఉబ్బి, చూపును చెడగొట్టును. ఆ యుబ్బిన కంటికి ఏ జోడును చాలదు. కావున ఒకే చికిత్స ఒకనికి వరమును మఱొకనికి శాపమును కావచ్చును. ఆ భేదమును చెప్పునది యంత్రము కాదు. ముందు జరుపు పరీక్ష.

ఇటీవలి పురోగతి ఈ విద్యను మఱింత సున్నితము గావించినది. ఒక సెకనును కోటి భాగములుగను, అందొక భాగమును మఱల పది కోట్ల భాగములుగను జేసిన నెంతయో అంత స్వల్పకాలము మాత్రమే వెలుగు లేజరునకు ఫెమ్టోసెకను లేజరని పేరు. అంత క్లుప్తమగు కాంతిని అంత శక్తితో సృష్టించు మార్గమును 1985లో జెరార్డ్ మూరూ, డొన్నా స్ట్రిక్లాండ్ గారలు కనుగొనిరి. అందులకై 2018లో వారికి భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను. ఈ కిరణముతో లోహపు కత్తి లేకయే కార్నియా మూతను లేపవచ్చును. అంతకంటె క్రొత్తదగు స్మైల్ పద్ధతిలో మూతయే యుండదు. కార్నియా లోపలనే పలుచని బిళ్ళవంటి భాగమును కిరణముతో విడదీసి, రెండు మొదలు నాలుగు మిల్లీమీటర్ల సన్నని కోతనుండి దానిని బయటికి లాగుదురు. లాసిక్ మూతకు సుమారు ఇరువది మిల్లీమీటర్ల కోత యవసరము. అమెరికా ఔషధ నియంత్రణాధికారులు దీనిని 2016లో అంగీకరించిరి. దెబ్బలు తగులు అవకాశమున్న వృత్తులవారికి, ఆటగాండ్రకు మూత లేకుండుట మేలు. ఈ యభివృద్ధిని మనస్ఫూర్తిగా స్వాగతింపవలెను.

అయినను ప్రకటనలు చెప్పని సంగతులు నాలుగు కలవు. మొదటిది: లేజరు జోడును తీసివేయునుగాని హ్రస్వదృష్టిని తీసివేయదు. కంటిగ్రుడ్డు పొడవు మాఱదు. హెచ్చు దోషమున్నవారి రెటీనా పలుచనై చినుగు ప్రమాదము చికిత్సకు పూర్వమెట్లో పిమ్మటను అట్లే యుండును. జోడు పోయినది గదా యని ఏటేట రెటీనాను పరీక్షింపించుకొనుట మానినవాడు తన్నుతానే మోసగించుకొన్నవాడు. రెండవది: నలువది యేండ్లు దాటినంతనే వచ్చు చత్వారమును ఈ చికిత్స ఆపజాలదు. ఇరువదియైదవ యేట జోడు విడిచినవాడు నలువదియైదవ యేట పత్రిక చదువుటకు జోడు వెదకికొనవలసినదే. జీవితాంతము జోడు అక్కరలేదను వాగ్దానము అసత్యము.

మూడవది: దోషము స్థిరపడకముందు చికిత్స తగదు. పదునెనిమిది యేండ్లు నిండి, ఒక సంవత్సరకాలము అద్దముల కొలత మాఱకయున్న పిమ్మటనే దీనిని తలపెట్టవలెను. గర్భిణులును, బిడ్డకు పాలిచ్చు తల్లులును కొంతకాలము ఆగవలెను. కార్నియా శంకువువలె సాగు వ్యాధి గలవారికి ఇది నిషిద్ధము. నాలుగవది: చికిత్స చక్కగా జరిగినను కొందఱికి కన్నులు పొడిబారును; రాత్రివేళ దీపముల చుట్టు వలయములు, చెదరిన కాంతి కనిపించును. అమెరికా ప్రభుత్వ సంస్థలు జరిపించి 2017లో ప్రకటించిన పరిశీలనలో అత్యధిక సంఖ్యాకులు తృప్తులైరి. తీవ్రమగు నిబ్బంది పడినవారు నూటికి ఒక్కరికంటె తక్కువ. కాని పూర్వము అట్టి బాధ లేనివారిలో నూటికి నలువదికి పైబడి మూడు నెలల పిదప ఏదో యొక క్రొత్త లక్షణము కనిపించినదని చెప్పిరి. రాత్రివేళ పదునాఱవ సంఖ్య జాతీయ రహదారిపై లారీ నడుపు వానికి ఈ సంగతి చిన్నది కాదు. 2022లో అమెరికా నియంత్రణాధికారులు ఈ మేలుకీడులనన్నిటిని సులభమగు భాషలో ముందుగనే చదివించి, రోగిచే ఒక్కొక్క యంశమునకు ఒప్పుదల పొందవలెనని ముసాయిదా సూచన ప్రకటించిరి. అక్కడివారికి ఆంగ్లమున నవసరమైనది ఇక్కడివారికి తెలుగున నవసరము కాదా? ఆంగ్లమున ముద్రించిన సమ్మతిపత్రముపై చదువకయే సంతకము పెట్టించుకొను వాడుక ఏ వైద్యశాలయందున్నను అది నిలిచిపోవలెను.

మన ప్రాంతమున ఈ చికిత్సకు యువజనులను త్రోయు నిర్బంధములు రెండు కలవు. ఒకటి వివాహము. కంటిజోడు గల వరుడు చదువరి యనిపించుకొనును. కంటిజోడు గల వధువు లోపము గలదనిపించుకొనును. పెండ్లిచూపులనాటికి జోడు కనబడరాదని, అప్పు చేసియైనను కుమార్తెకు లేజరు చికిత్స చేయింపనెంచు తల్లిదండ్రులు కలరు. ఆ బాలిక వయస్సెంత, కొలత స్థిరపడినదా, కార్నియా మందమెంత యను విచారణకంటె ముహూర్తమునకు ఎన్ని దినములున్నవను విచారణ ముందు నడచుచున్నది. వరకట్నమునకు తోడు ఇది యొక క్రొత్త కట్నము; ఇది కన్యచేత కంటితో చెల్లింపించునది. యువతి తన యిచ్చచే, తన సౌకర్యమునకై, పరీక్షలన్నియు అయిన పిమ్మట చేయించుకొన్నచో నాక్షేపించువారు లేరు. మగపెండ్లివారి కంటికి నచ్చుటకై తన కంటిని చెక్కించుకొమ్మనుట మాత్రము అవమానము. ఆ మాట నోట వచ్చిన సంబంధమును వదలుకొనుటయే గౌరవము.

రెండవది యుద్యోగము. అనకాపల్లి, విజయనగరము, శ్రీకాకుళము జిల్లాల యువకులు సైన్యమునకు, పోలీసునకు, రైల్వేకు వేలకొలది దరఖాస్తులు పెట్టుచున్నారు. దృష్టిపరీక్షలో త్రోయబడుదుమను భయముతో ముందే లాసిక్ చేయించుకొనువారు లేకపోలేదు. కాని నియమములు ఒక్కచో నున్నట్లు మఱొకచో లేవు. రైల్వేలో సహాయ లోకో పైలటు పదవికి లాసిక్ చేయించుకొన్నవారు అర్హులు కారని నియామక ప్రకటనలయందే స్పష్టముగా నున్నది. సైన్యమున వయస్సు, చికిత్స జరిగి గడచిన కాలము, కార్నియా మందము మొదలగు షరతులకు లోబడి యంగీకారము కలదు. నియమమును చదువక చికిత్సకు బోయినవాడు అర్హత సంపాదించుటకు మాఱుగా ఉన్న యర్హతను పోగొట్టుకొనును. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొని ప్రయోజనమేమి? శిక్షణకేంద్రములవారు పరుగు, దూకుడు నేర్పుటతో పాటు, ఏ యుద్యోగమునకు ఏ దృష్టినియమమో పట్టికగా వ్రాసి గోడకు దగిలించుట వారి కనీసధర్మము.

అనకాపల్లి బెల్లపు వర్తకమునకు ప్రసిద్ధి. పచ్చని రంగుకై హైడ్రోసు కలిపిన బెల్లము కంటికి ఇంపుగా నుండుననియు, ఒంటికి మంచిది కాదనియు ఇక్కడివారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. రంగును జూచి మోసపోరాదని సంతలో నేర్చిన యా వివేకమునే వైద్యశాల గుమ్మమునందును చూపవలెను. పండుగ తగ్గింపు ధర యనియు, ఈ నెలాఖరు వఱకే యనియు వచ్చు ప్రకటనను జూచి కన్నప్పగింపరాదు. అడుగదగిన ప్రశ్నలు కొలదియే: నా కార్నియా మందమెంత? చెక్కిన పిమ్మట మిగులునదెంత? కార్నియా ఆకృతి పటము తీసితిరా? రెటీనాను పరీక్షించితిరా? నా కన్నులు పొడిగా నున్నవా? నాకు ఈ చికిత్స తగదని చెప్పుటకు కారణమేదైన గలదా? ఈ ప్రశ్నలకు ఓపికతో బదులిచ్చి, అవసరమైనచో వద్దని త్రిప్పి పంపు వైద్యుడే నమ్మదగిన వైద్యుడు.

ఇక జిల్లా ప్రజలందఱి సంగతి. లేజరు కథ ఎంత యాకర్షణీయమైనను, మన రాష్ట్రమున చూపు కోల్పోయినవారి కథ వేఱు. 1996 మొదలు 2000 వఱకు హైదరాబాదులోని యల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున పదివేలమందికి పైగా ప్రజలను పరీక్షించి ఒక గొప్ప పరిశీలన జరిపిరి. అంధత్వము నూటికి 1.84 వంతు కనబడినది. అందు 44 వంతులు కంటిశుక్లముచేతను, 16 వంతులు కేవలము దృష్టిదోషమునకు జోడు లేకపోవుటచేతను కలిగినవి. అనగా నూర్గురు అంధులలో సుమారు అఱువదిమంది చిన్న శస్త్రచికిత్సచేతనో, ఒక జత యద్దములచేతనో చూపు పొందదగినవారే. జోడు విసుగై లేజరును వెదకువారు ఒక ప్రక్క. జోడు లేక చీకటిలో నున్నవారు మఱొక ప్రక్క. ఈ రెండవవారి మాట ప్రకటనఫలకములపై నెన్నడును కానరాదు.

గుల్లపల్లి నాగేశ్వరరావుగారు, చలనచిత్ర ప్రముఖుడు ఎల్.వి. ప్రసాదుగారి విరాళముతో నెలకొల్పిన ఆ సంస్థ ఈ సత్యమును గ్రహించి, గోపురమువంటి యేర్పాటును నిర్మించినది. అడుగున గ్రామములందు సుమారు యేబదివేల జనులకు ఒక దృష్టికేంద్రము. దానిపై ఐదు లక్షల జనులకు ఒక చిన్న వైద్యశాల. ఆపై విశాఖపట్టణమున 2006లో వెలసినటువంటి పెద్ద వైద్యశాల. జోడుతో తీరునది అడుగుననే తీరును. తీరనిది మాత్రమే పైకి పోవును. ప్రభుత్వమునకును ఆదర్శమిదియే కావలెను. శిఖరమును జూచి మురియువారు పునాదిని మఱువరాదు.

కంటిజోడు విలువను తక్కువగా నెంచువారికి ఒక నిదర్శనము చాలును. అస్సాము తేయాకు తోటలలో నలువది యేండ్లు దాటిన కూలీలకు చత్వారపు అద్దములిచ్చి జరిపిన పరిశీలన 2018లో ప్రకటింపబడినది. అద్దములు పొందినవారు పొందనివారికంటె నూటికి ఇరువదికి పైగా హెచ్చు ఆకు కోసిరి. ఏ యంత్రమును, ఏ యెరువును ఇంత స్వల్పవ్యయముతో ఇంత ఫలమీయలేదు. మన జిల్లాలోనే వరాహనది యొడ్డున ఏటికొప్పాక కలదు. అంకుడు కఱ్ఱను తరిమెనపై చెక్కి, లక్కరంగులు పూసి, బొమ్మలు చేయు ఆ శిల్పులకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పనికి మూలధనము చేతినైపుణ్యమును దగ్గరిచూపును. నలువదియైదవ యేట చూపు మసకబాఱి, పని తగ్గించుకొను శిల్పితో పాటు ఆ విద్యయు క్షీణించును. రెండు వందల రూపాయల యద్దములు ఒక శిల్పమును ఇరువదియేండ్లు బ్రతికింపగలవు.

ప్రభుత్వములు ఏమియు చేయలేదనుట యన్యాయము. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటివెలుగు ప్రారంభమై, తొలివిడతలో కోటిన్నరకు పైగా జనులకు పరీక్షలు జరిగినవి. ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరు 10న అనంతపురమున అట్టి పథకమే ప్రారంభమై, మొదట పాఠశాల బాలబాలికలకు పరీక్షలు చేయించి, కావలసినవారికి జోడ్లు పంచినది. ఇవి శ్లాఘనీయములు. కాని శిబిరము వచ్చి పోవునది. కన్ను నిత్యము వెంట నుండునది. పెరుగు బిడ్డ కంటికొలత ఏటేట మాఱును. ఇచ్చిన జోడు విఱుగును, పోవును. ఒక ముఖ్యమంత్రి కాలమున వెలిగి, మఱొకరి కాలమున ఆఱు దీపము ప్రజలకు దారి చూపజాలదు. దృష్టిపరీక్ష పథకముగా గాక నిత్యకృత్యముగా నుండవలెను. 2022 ఏప్రిలు 4న అనకాపల్లి ప్రత్యేక జిల్లా యైనది. క్రొత్త జిల్లాకు క్రొత్త కార్యాలయములు వచ్చినవి. ప్రతి మండలమునకు ఒక శాశ్వత దృష్టిపరీక్షకుడు వచ్చిననాడు జిల్లా యైనందులకు ఫలము పల్లెలకు దక్కినట్లగును.

బాలుర విషయమున మందుకంటె ముందుచూపు మేలు. హ్రస్వదృష్టి లోకమంతట పెరుగుచున్నది. చీనాలోని గ్వాంగ్‌జౌ నగరమున కొన్ని పాఠశాలలలో ప్రతిదినము నలువది నిమిషములు అదనముగా ఆరుబయట గడుపునట్లు చేసి, మూడేండ్లు పరిశీలించి, 2015లో ఫలితము ప్రకటించిరి. అట్లు చేయని పాఠశాలలలో నూటికి సుమారు 40 మందికి క్రొత్తగా హ్రస్వదృష్టి రాగా, చేసినచోట 30 మందికి మాత్రమే వచ్చినది. ఎండకు రుసుము లేదు. ఆటస్థలమునకు పేటెంటు లేదు. మన వసతి కళాశాలలలో తెల్లవాఱుజామునుండి రాత్రి పొద్దుపోవు వఱకు గోడలనడుమ పుస్తకములపై వంగియుండు పిల్లలకు సూర్యదర్శనమే కఱవగుచున్నది. ర్యాంకుల ప్రకటనలకు చేయు వ్యయములో స్వల్పభాగము ఆటస్థలమునకు వెచ్చించినచో, పదేండ్ల పిమ్మట లేజరు వైద్యశాలకు బోవువారు తగ్గుదురు.

ఇంతమాత్రమున లేజరు చికిత్స సంపన్నుల విలాసమని త్రోసిపుచ్చుట మా యభిప్రాయము కాదు. అట్లు వాదించువారు కలరు. ఆ వాదము సగము మాత్రమే నిజము. పూడిమడక తీరమున ఉప్పునీటి తుంపరలలో వలలాగు బెస్త యువకునకు జోడు నిలువదు. పరవాడ, అచ్యుతాపురముల కర్మాగారములలో ముఖరక్షణ కవచముల క్రింద చెమటతో అద్దములు మసకబాఱు కార్మికునకు జోడు ఒక ప్రమాదహేతువు. ఎనిమిది, తొమ్మిది డయాప్టర్ల దోషముతో జోడు పడిపోయిన క్షణమున నిస్సహాయుడగు పేద విద్యార్థికి ఇది విలాసమా? వారికి తగినదని పరీక్షలో తేలినపుడు పదులవేల రూపాయలు లేవను కారణమున నిరాకరింపబడుట యన్యాయము. విద్య ఉన్నది, అది ధనికుని వీథిలోనే ఆగిపోయినది. విశాఖపట్టణమునందలి ప్రభుత్వ ప్రాంతీయ నేత్రవైద్యశాలలో ఈ చికిత్స సమర్థముగా, వృత్తిరీత్యా అవసరమున్న పేదలకు ఉచితముగా జరుగవలెను. అనకాపల్లి యన్.టి.ఆర్. ప్రభుత్వాసుపత్రిలో అందులకు ముందు జరుపవలసిన పరీక్షలకైనను సదుపాయముండవలెను.

ధర తగ్గుట కొక్కటే మార్గము: యంత్రము మనదగుట. మూలసూత్రమును కనుగొన్నవారిలో భారతదేశమున జన్మించినవాడు అగ్రగణ్యుడు. యంత్రములు మాత్రము జర్మనీ, అమెరికా, స్విట్జర్లాండు, జపాను దేశములనుండి వచ్చుచున్నవి. యంత్రమునకే గాక, దానితో బాటు వాడి పాఱవేయు సామగ్రికిని విదేశములకు ధనము పోవుచున్నది. ఇది విధివ్రాత కాదు. ఒకప్పుడు శుక్లపు చికిత్సలో కంటిలోపల నమర్చు కృత్రిమ కటకమును విదేశములనుండి పెద్ద వెలకు తెప్పించెడివారము. 1976లో పదునొకండు మంచములతో గోవిందప్ప వెంకటస్వామిగారు మదురలో ప్రారంభించిన అరవింద నేత్రవైద్యశాలవారు 1992లో ఆరోల్యాబ్ అను కర్మాగారమును నెలకొల్పి, ఆ కటకములను స్వయముగా తయారుచేసి, పూర్వపు వెలలో పదవవంతునకు దించిరి. నేడవి యనేక విదేశములకును ఎగుమతి యగుచున్నవి. నాడు అసాధ్యమన్నవారు లేకపోలేదు.

కటకమువలె లేజరు యంత్రము సులభము కాదని మే మెఱుగుదుము. అది అనేక శాస్త్రముల సంగమము. కాని సాధనములు చేరువనే యున్నవి. విశాఖపట్టణమున 2018లో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ వైద్యపరికరముల తయారీకే యేర్పడినది. 2020లో కోవిడు విపత్తున వెంటిలేటర్లు, పరీక్షా సామగ్రి తయారుచేసి తన సామర్థ్యమును చూపినది. ఇందూరులోని రాజా రామన్న కేంద్రమున లేజరు విద్యలో దశాబ్దముల యనుభవమున్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయము ప్రక్కనే యున్నది. నేత్రవైద్యులు, భౌతికశాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు నొక్కచోట చేర్చి, పదేండ్ల గడువుతో, తగిన నిధితో, దేశీయ లేజరు యంత్రమును సాధించు బాధ్యతను ప్రభుత్వము అప్పగింపవలెను. మొదట పరీక్షాయంత్రములతో ఆరంభించి, క్రమముగా చికిత్సాయంత్రమునకు ఎదుగవచ్చును. స్వదేశీ యనగా పరదేశపు విద్యను ద్వేషించుట కాదు. ఆ విద్యను మన చేతుల్లోనికి దెచ్చుకొని, మన పేదకు అందుబాటు చేయుట.

తక్షణము జరుగదగిన పనులు గూడ కలవు. లేజరు చికిత్స చేయు ప్రతి వైద్యశాలయు ఏటేట ఎందఱిని పరీక్షించినది, ఎందఱిని తగదని త్రిప్పి పంపినది, ఎందఱికి మఱల చికిత్స యవసరమైనది ప్రకటింపవలెను. సమ్మతిపత్రము తెలుగున నుండి, చికిత్సకు కనీసము ఒక దినము ముందుగ చేతికీయవలెను. గడువు పెట్టి తొందరపెట్టు తగ్గింపు ప్రకటనలను వైద్యాధికారులు నిషేధింపవలెను. ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున వారమునకు ఒక దినమైనను దృష్టిపరీక్ష జరిగి, చత్వారపు అద్దములు అక్కడనే చేతికందవలెను. ప్రతి పాఠశాలలో ఏటేట కంటిపరీక్షయు, ప్రతిదినము ఒక గంట ఆరుబయటి ఆటయు తప్పనిసరి కావలెను. వీనిలో ఏ యొక్కటియు క్రొత్త నోబెలు బహుమానము కొఱకు వేచియుండవలసినది కాదు.

శాస్త్రము తన పని తాను చేసినది. వెండ్రుకకంటె సన్నని పొరను కాంతితో చెక్కి, మసకబాఱిన లోకమును స్పష్టము చేయు నేర్పును మానవునకిచ్చినది. ఆ నేర్పును ఎవరిపై, ఎప్పుడు, ఎందులకు ప్రయోగింపవలెనో నిర్ణయించు వివేకము మాత్రము యంత్రముతో బాటు దిగుమతి కాదు. అనకాపల్లి పాఠశాలలో వెనుకబల్లపై కూర్చుండి, నల్లబల్లపై వ్రాత కనబడక, మందబుద్ధి యని మాట పడుచున్న బాలునకు నేడు కావలసినది లేజరు కాదు. ఒక పరీక్షయు, ఒక జత యద్దములును. వానికి అవి రేపటి ఉదయమున నందించి, పదేండ్ల పిమ్మట వాడు కోరినచో లేజరును న్యాయమగు వెలకు అందింపగల యేర్పాటు మన జిల్లాలో నున్ననాడు, ఈ కాంతిచికిత్స మనదని చెప్పుకొను నర్హత మనకు కలుగును.